తప్పు, మళ్ళీ ప్రయత్నించండి

ఆ చలికాలం మా అత్తయ్య మొదటిసారి నాతో ఊరు దాటింది. ఆ చలికాలమే ఆవిడని దొంగని చేశారు.

అప్పటిదాకా నా తిరుగుళ్ళంటే ఆవిడకి ఒళ్ళు మంట. సెలవురోజు పొద్దున్నే నేను సంచి సర్దుకుంటుంటే, "కాళ్ళకి బలపాలు కట్టుకుని పుట్టావా తల్లీ" అనేది. మా ఆయనది లిఫ్టులు బాగుచేసే పని. ఎవరు ఏ అంతస్తులో ఇరుక్కుపోయినా సెలవని చూడకుండా పరిగెత్తాలి. అందుకని నేనొక్కదాన్నే రైలెక్కి, ఏదో ఒక చిన్న ఊళ్ళో దిగి, కాళ్ళు నొప్పి పుట్టేదాకా తిరిగి, కెమెరా నిండా ఫోటోలతో ఇల్లు చేరేదాన్ని.

"ఏం చూసొచ్చావు?" అని అడిగేది అత్తయ్య. చూపించేదాన్ని. గోడకి ఆనించిన నిచ్చెన. తడిసిన మెట్లు. వెనకనుంచి తీసిన క్యూ.

"ఇంత దూరం పోయి నిచ్చెన చూసొచ్చావా? మన మెట్ల కింద పడుంది కదే ఒకటి!"

ఆ నిచ్చెనే నాకు తిండి పెడుతోందని ఆవిడకి ఎలా చెప్పాలో తెలిసేది కాదు.

నేను కంప్యూటర్ పాఠాలు తయారుచేస్తాను. బడిపిల్లలకి కాదు, ఉద్యోగస్తులకి. కొత్తగా చేరిన నర్సో, గిడ్డంగిలో బరువులెత్తే మనిషో, తమ పని ఎలా చెయ్యాలో ఫోన్లో చూసి నేర్చుకునే పాఠాలు. ఒక బొమ్మ, పక్కన నాలుగు మాటలు, వెనక ఒక గొంతు, చివర్లో ఒక ప్రశ్న. సరైన జవాబు నొక్కితేనే 'తర్వాత' అనే బటన్ వెలుగుతుంది. తప్పు నొక్కితే, 'తప్పు, మళ్ళీ ప్రయత్నించండి' అని వస్తుంది.

మా ఆఫీసులో బొమ్మలన్నీ కొనుక్కొచ్చినవి. ఆసుపత్రి పాఠమైనా, బ్యాంకు పాఠమైనా అదే నవ్వు, అవే పళ్ళు. ఒకసారి పాఠం చదివిన ఒకాయన కింద అభిప్రాయం రాశాడు: 'ఈ డాక్టరుగారు పోయిన పాఠంలో అగ్నిమాపక సిబ్బంది. ఉద్యోగం ఎందుకు మారారు?' ఆఫీసంతా నవ్వింది. నాకు మాత్రం సిగ్గేసింది. ఆ తర్వాతే నా ప్రయాణాల ఫోటోలు పాఠాల్లో పెట్టడం మొదలుపెట్టాను. జారిపడకుండా నడవడం గురించి చెప్పాలంటే నిజంగా తడిసిన మెట్లు. నిచ్చెన ఎక్కడం గురించైతే, రంగు మరకలు పడి ఒక మెట్టు వంగిన నిజం నిచ్చెన. పాఠాలకి ప్రాణం వచ్చింది. నా చూపు కూడా మారింది. ఎక్కడికెళ్ళినా ఎడమవైపు అక్షరాలు పట్టేంత ఖాళీ వదిలి తీసేదాన్ని. ఒకే మూలని పని మొదలుకాకముందు, జరుగుతున్నప్పుడు, అయ్యాక తీసేదాన్ని. మనిషి మొహం కనిపిస్తే మాత్రం అడిగి, దేనికో చెప్పి, సరేనంటేనే వాడేదాన్ని.

ఆ చలికాలం మొదట్లో నాకు రైల్వే వాళ్ళ పాఠం వచ్చింది. స్టేషన్ సిబ్బంది వయసు మళ్ళిన ప్రయాణికులతో ఎలా మెలగాలి అన్నది విషయం. ఓడరేవు ఊరొకటి ఎంచుకుని బయల్దేరుతుంటే, అత్తయ్య గుమ్మంలో నిలబడి, "నేనూ వస్తా" అంది.

నేను నమ్మలేదు. "చలి అత్తయ్యా. చాలా నడవాలి."

"నాకు కాళ్ళు లేవా? ఆ నిచ్చెనల్లో ఏముందో నేనూ చూస్తా."

మావయ్యగారు పోయాక ఆయన కోటు ఆవిడే వేసుకునేది. భుజాలు జారిపోయేవి, చేతులు వేళ్ళదాకా వచ్చేవి. అది తొడుక్కుని, చేతిలో పెద్ద గుడ్డసంచి పట్టుకుని బయల్దేరింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా చిన్నపిల్లలా చూసింది. సముద్రం కనపడగానే, "ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?" అని నన్నే తిట్టింది.

తిరుగు ప్రయాణానికి ముందు స్టేషన్ పక్కనున్న బజార్లో ఆవిడని నిలబెట్టి టికెట్లకి వెళ్ళాను. వరస పెద్దగా ఉంది. తిరిగొచ్చేసరికి చేతొడుగులు అమ్మే బండి దగ్గర నిలబడి ఉంది. ఒక చెయ్యి ఉన్ని చేతొడుగుల మీద ఉంది, రెండో చెయ్యి సంచిని గుండెకి హత్తుకుని ఉంది. జనం తలల మీదుగా కళ్ళు అటూ ఇటూ వెతుకుతున్నాయి. అంత పెద్ద కోటులో అంత చిన్న మొహం. పిలవబోయి, ముందు ఫోటో తీశాను.

"ఎక్కడికి పోయావే! గుండె ఆగినంత పనైంది" అంది నన్ను చూడగానే.

రైల్లో ఆ ఫోటో చూపించి అడిగాను. "అత్తయ్యా, ఇది పాఠంలో పెట్టనా?"

"పాఠంలో నేనా? ఏమని?"

"ఇలా కళ్ళతో వెతుకుతున్న పెద్దవాళ్ళు కనిపిస్తే, వాళ్ళు అడిగేదాకా ఆగకుండా మీరే వెళ్ళి పలకరించండి అని."

"నాకెవరి సాయమూ అక్కర్లేదు. కానీ నా వయసు వాళ్ళు నలుగురికి మేలవుతుందంటే పెట్టుకో."

ఆ పాఠం బాగా కుదిరింది. రైల్వే వాళ్ళు మెచ్చుకుంటూ ఫోన్ చేశారు. ఆ సంగతి అత్తయ్యకి చెప్పాను. తర్వాత ఆవిడ పక్కింటావిడతో అంటుంటే విన్నాను: "స్టేషన్లో పనిచేసే వాళ్ళందరికీ నన్ను చూపించే నేర్పుతున్నారట. ఊరికే అన్నారా, పెద్దల మాట చద్దిమూట అని!" నేనేం మాట్లాడానని అందులో, ఊరికే నిలబడ్డానుగా అని ఆవిడకి తట్టలేదు. నేనూ గుర్తుచెయ్యలేదు.

*

మా ఆడపడుచు మాతోనే ఉండేది. ఆ నెలలోనే ఊళ్ళోకెల్లా పెద్ద దుకాణంలో బిల్లు కౌంటర్లో చేరింది. బట్టలూ సరుకులూ అన్నీ దొరికే నాలుగంతస్తుల దుకాణం, ఊరంతా శాఖలున్నాయి. మా వీధి చివర ఉన్నది కూడా వాళ్ళదే.

ఒకరోజు మధ్యాహ్నం అది డ్యూటీ మధ్యలోనే ఇంటికొచ్చింది. మా ఆయన భోజనం చేస్తున్నాడు. అత్తయ్య నారింజలు వలుస్తోంది. ఇది చెప్పులు కూడా విప్పకుండా నా దగ్గరికొచ్చి, "వదినా, ఒకసారి ఇటు రా" అంది.

"ఇక్కడే చెప్పు" అన్నాడు వాళ్ళన్నయ్య. "గుసగుసలేంటి?"

అది వాళ్ళమ్మ వంక చూసింది. తర్వాత ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

కొత్తగా చేరినవాళ్ళు చూడాల్సిన పాఠం. పేరు: 'దుకాణంలో దొంగతనాలు గుర్తించడం'. తెర మీద మా అత్తయ్య. అదే కోటు, అదే బజారు. ఒంటికి సరిపడని కోటు చుట్టూ ఎర్రటి గుండ్రం. సంచి చుట్టూ ఒకటి. కళ్ళ చుట్టూ ఒకటి. కింద రాసుంది: 'ఈమె చూపులు గమనించండి. తనని ఎవరైనా చూస్తున్నారా అని వెతుకుతోంది.' ఆ కింద ప్రశ్న: 'ఈమెలో అనుమానించదగ్గ మూడు లక్షణాలు ఎంచుకోండి.'

ఆ పాఠం మా ఆఫీసుదే. నేను రైల్వే పనిలో ఉన్నప్పుడు ఇంకొకరు చేశారు. ఆ ఎర్రటి గుండ్రాల మందం చూడగానే మా ఆఫీసు పని అని పోల్చుకున్నాను.

"నేను 'ఏవీ లేవు' అని నొక్కాను వదినా" అంది మా ఆడపడుచు. "తప్పు, మళ్ళీ ప్రయత్నించండి అంటోంది. ఎన్నిసార్లు నొక్కినా అదే. ఈ వారంలోగా పాఠం పూర్తి చేస్తేనే కౌంటర్లో ఉండనిస్తామన్నారు. నాతో చేరినవాళ్ళందరూ నొక్కేశారు. మా అమ్మని నేనెలా నొక్కను?"

అత్తయ్య లేచి వచ్చింది. "ఏదీ, నన్ను చూడనివ్వు."

"వద్దమ్మా."

"ఇవ్వమంటున్నాగా."

కళ్ళద్దాలు సరిచేసుకుని మొత్తం చదివింది. పెదవులు కదులుతున్నాయి, గొంతు బయటికి రావడం లేదు. చదివి, ఫోన్ కూతురికిచ్చి, నారింజల పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా ఆయన కంచం పక్కకి తోశాడు. "నేను ముందునుంచీ చెప్తూనే ఉన్నా. ఊళ్ళు తిరగడం, కనపడినవన్నీ ఫోటోలు తీయడం. ఇప్పుడు చూడు, ఇంటి పరువు బజారున పడింది."

"నేను దొంగ అని రాశానా?"

"నువ్వు తియ్యకపోతే వాళ్ళకెక్కడిది?"

వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది, ఆవిడ వింటోందని తెలిసి ఊరుకున్నాను.

మర్నాటి నుంచి అత్తయ్య గడప దాటలేదు. రోజూ పొద్దున్నే వీధి చివర దుకాణానికి వెళ్ళి రొట్టె తెచ్చేది ఆవిడే. "మోకాలు పట్టేసింది" అంది. పక్కింటావిడ తలుపు తడితే, పడుకున్నానని చెప్పమంది. మావయ్యగారి కోటు మడతపెట్టి బీరువా అడుగున పెట్టేసింది. అంత చలిలో.

*

మా ఆఫీసు యజమానిని మేమంతా చాటుగా అర్జంటుగారు అనేవాళ్ళం. ఆయన నోట్లోంచి ఏ మాట వచ్చినా ముందు ఆ ముక్క ఉండేది. టీ కూడా అర్జంటుగానే తాగేవాడు. నేను వెళ్ళేసరికి రెండు ఫోన్లలో ఒకేసారి మాట్లాడుతున్నాడు. పెట్టేసేదాకా నిలబడ్డాను.

"ఆ ఫోటో మా అత్తగారిది" అన్నాను.

"ఏ ఫోటో?"

చెప్పాను. ఆయన నుదురు రుద్దుకున్నాడు. "అదా! చూడండి, దుకాణం వాళ్ళది అర్జంటు పని. ఫోల్డర్లో ఉంది, సరిగ్గా సరిపోయింది, పెట్టేశాం. మంచి ఫోటో అండి, నిజం! కొన్న బొమ్మల్లో అలాంటి చూపు దొరకదు."

"ఆ చూపు నా కోసం. నేను కనపడక వెతుకుతోంది ఆవిడ."

"ఆ సంగతి చూసేవాళ్ళకి తెలియదుగా."

"తెలియదనే కదా ఏది రాస్తే అది నమ్ముతారు."

కుర్చీ వెనక్కి వాల్చాడు. "ఆవిడ పేరు రాశామా? ఊరు రాశామా? గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం దేనికండీ? కావాలంటే కళ్ళ మీద నల్లపట్టీ వేయిస్తా. సరేనా?"

"నల్లపట్టీ వేస్తే ఇంకా దొంగలా ఉంటుంది."

"అయితే ఏం చెయ్యమంటారు? తీసెయ్యాలంటే వాళ్ళకి కారణం చెప్పాలి. చెబితే, మీరు ఎవరి ఫోటో పడితే వాళ్ళది పెడతారా అంటారు. ఉన్న పని పోతుంది." కాస్త గొంతు తగ్గించాడు. "అయినా మీరు ఆఫీసుకిచ్చిన ఫోటో అది. ఇచ్చాక ఆఫీసుదే."

"ఒక పాఠం కోసం ఫోటో ఇచ్చాను. మా అత్తయ్యని ఇవ్వలేదు."

"మాటలు బాగున్నాయి" అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు దగ్గర నాకు భయం పోయింది. "ఈ సాయంత్రంలోగా తీసెయ్యండి. లేకపోతే దుకాణం వాళ్ళకి నేనే చెప్తాను."

"చెబితే రేపట్నుంచి రానక్కర్లేదు."

"రాను" అన్నాను.

నా బల్ల దగ్గరకొచ్చి కెమెరా సంచి భుజానికి వేసుకున్నాను. పక్కసీటు ఆమె తల ఎత్తకుండానే నా చెయ్యి పట్టుకుని వదిలేసింది. ఆ పాఠం చేసింది తనే. తనకేం తెలుసు, ఫోల్డర్లో దొరికింది పెట్టింది. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం లేదు.

ఇంటికొచ్చి చెప్పగానే మా ఆయన అరిచాడు. "ఉద్యోగం మానేసొచ్చావా? కూర్చున్న కొమ్మ నరుక్కుంటారా ఎవరైనా?"

లోపలినుంచి బీరువా తలుపు చప్పుడైంది. అత్తయ్య కోటు తొడుక్కుంటూ బయటికొచ్చింది. గుడ్డసంచి చేతిలో ఉంది.

"పద" అంది నాతో.

"ఎక్కడికత్తయ్యా?"

"దుకాణానికి. నన్నెలా పట్టుకోవాలో అందరికీ నేర్పారటగా. నేర్చుకున్నారో లేదో చూసొద్దాం."

"అమ్మా, నీకు మతి పోయిందా?" అన్నాడు మా ఆయన.

"మతి ఉంది. మొహమే పోయింది. తెచ్చుకోవడానికి వెళ్తున్నా." గుమ్మం దగ్గర ఆగి కొడుకు వైపు తిరిగింది. "ఇంకోసారి దాని ఫోటోల్ని ఏమైనా అన్నావంటే ఊరుకోను. అది అడిగి వాడింది. అడక్కుండా వాడినవాణ్ణి అను, చేతనైతే."

*

పెద్ద దుకాణానికే వెళ్ళాం. లోపలికెళ్ళగానే అత్తయ్య నన్ను ఆపేసింది. "నువ్వు దూరంగా ఉండు. ఆ రోజు లాగే."

నేను గొడుగుల వెనక నిలబడ్డాను. ఆవిడ నెమ్మదిగా నడుచుకుంటూ చేతొడుగులు పేర్చిన చోటికి వెళ్ళింది. ఒక జత మీద చెయ్యి వేసింది. సంచి గుండెకి హత్తుకుంది. తల ఎత్తి, తీరిగ్గా, దుకాణం మొత్తం అటునుంచి ఇటు చూసింది.

నీళ్ళలో రాయి వేసినట్టే అయింది. తలుపు దగ్గర కాపలా మనిషి మెడ చాచాడు. ఒక కుర్రవాడు వచ్చి, పేర్చి ఉన్న టోపీలని మళ్ళీ పేర్చడం మొదలెట్టాడు. అటుపక్కనుంచి ఒక అమ్మాయి చేతులు కట్టుకుని వచ్చి నిలబడింది. ఆ ముగ్గురి మధ్యలో అత్తయ్య. ఎన్నో పాఠాలు చేశాను. పాఠం మనుషుల్ని ఇలా కదిలించడం కళ్ళతో చూడ్డం అదే మొదలు.

"ఏమైనా కావాలా అండీ?" అంది ఆ అమ్మాయి.

"చూస్తున్నానమ్మా."

"ఒకసారి ఆ సంచి చూపిస్తారా?"

"చూపిస్తాను. ముందు ఎందుకో చెప్పు."

"రూలండి."

"ఏ రూలు?" అత్తయ్య గొంతు పెరగలేదు. "చేతిలో పెద్ద సంచి. ఒంటికి సరిపడని కోటు. అటూ ఇటూ చూపులు. మూడూ సరిగ్గా చెప్పానా?"

ఆ అమ్మాయి ఆవిడ మొహంలోకి చూసింది. మళ్ళీ కోటు వంక చూసింది. "మీరు... ఆ పాఠంలో..."

"ఆఁ. నేనే. ఇప్పుడు చెప్పు, ఈ సంచిలో ఏముందనుకుంటున్నావు?"

బిల్లు కౌంటర్ దగ్గర గల్లా మూసిన చప్పుడు వినిపించింది. మా ఆడపడుచు, ఎదురుగా వరసలో జనం ఉండగానే లేచి వచ్చేసింది. తల్లి పక్కన నిలబడి, దుకాణంలో అందరికీ వినపడేటట్టు, "ఈవిడ మా అమ్మ" అంది.

ఎవరో పైకి ఫోన్ చేశారు. కాసేపటికి లిఫ్టులోంచి ఒకామె దిగింది. సిబ్బందికి నేర్పించే బాధ్యత ఆమెదట, అందరూ ట్రైనింగ్ మేడమ్ అంటున్నారు. నేను గొడుగుల వెనకనుంచి వచ్చి, నేనెవరో, ఆ ఫోటో ఎక్కడ ఎందుకు తీశానో చెప్పాను. ఆమె మర్యాదగానే వింది. మమ్మల్ని పక్కగదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. "మీకు బాధ కలిగింది, అర్థమైంది. కానీ పాఠంలో ఉన్నది ఒక ఉదాహరణ మాత్రమే. ఎవర్నీ ఉద్దేశించింది కాదు" అంది.

"ఆ పాఠం ఉందా నీ దగ్గర?" అడిగింది అత్తయ్య.

ఆమె తన టాబ్లెట్లో తెరిచింది. అత్తయ్య దాన్ని బల్ల మీద తమ ఇద్దరి మధ్యా పెట్టింది.

"నా కూతురు నొక్కలేకపోయింది. అందుకని దాన్ని పనిలోంచి తీసేస్తామన్నారు. నువ్వు పెద్దదానివి, నేర్పేదానివి. నువ్వు నొక్కు."

"అమ్మా, అదీ..."

"నన్ను చూస్తూ నొక్కు. కోటు దగ్గర ఒకటి, సంచి దగ్గర ఒకటి, కళ్ళ దగ్గర ఒకటి. నేనేం అనను."

ట్రైనింగ్ మేడమ్ వేలు తెర దాకా వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది. బయట ఎవరో బిల్లు కోసం గంట కొడుతున్నారు. ఆమె తెర మీది మొహం చూసింది, ఎదురుగా ఉన్న మొహం చూసింది.

"ఎవరి కోసం చూస్తున్నారు ఇందులో?" అని మెల్లిగా అడిగింది.

"దీనికోసం" అంది అత్తయ్య, నన్ను చూపించి. "టికెట్లు తెస్తానని పోయింది. ఎంతకీ రాదే!"

ఆమె టాబ్లెట్ బోర్లించింది. "ఇవాళే తీసేయిస్తాను."

"తీసేస్తావు. ఇప్పటికే నేర్చుకున్నవాళ్ళో? వాళ్ళ బుర్రల్లోంచి ఎవరు తీస్తారు?" అత్తయ్య లేచి సంచి భుజానికి వేసుకుంది. "అందరూ ఒకచోట చేరే వేళ ఎప్పుడో చెప్పు. నేనొచ్చి మాట్లాడతా."

*

ఆవిడ మాట్లాడింది. ఆ వారంలోనే ఒకరోజు దుకాణం తెరవకముందు సిబ్బందినందరినీ కింద నిలబెట్టారట. నన్ను రానివ్వలేదు, ఇది తన పని అంది. ఏం మాట్లాడావని అడిగితే ఆవిడ చెప్పే ఉపన్యాసం రోజురోజుకీ పెరుగుతూ వచ్చింది. మా ఆడపడుచు చెప్పింది మాత్రం చిన్నది. "అమ్మ వెళ్ళి ముందు నిలబడి, 'గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నానన్నాడట ఎవడో. పేరు దొంగదీ, బొమ్మ నాదీ పెడితే తడుముకోక ఏం చేస్తాను? ఇదిగో భుజాలు, ఇదిగో సంచి, చూసుకోండి' అని సంచి బల్ల మీద తిరగేసింది వదినా. రుమాలూ, కళ్ళద్దాల పెట్టీ, ఒక నారింజపండూ పడ్డాయి. ఆ రోజు సంచి చూపించమన్నమ్మాయి ఏడ్చేసింది. అమ్మ ఆ నారింజపండు దానికిచ్చేసి వచ్చింది."

అంతా సుఖాంతమేమీ కాలేదు. దుకాణం వాళ్ళు క్షమాపణ అనే మాట ఎక్కడా వాడలేదు. పాఠం తీసేశారు గానీ, పాఠం పూర్తి చెయ్యలేదని మా ఆడపడుచుకి ఇచ్చిన హెచ్చరిక తియ్యలేదు. లేని పాఠాన్ని ఎలా పూర్తి చెయ్యాలో ఎవరికీ తెలియదు, దాని మీద ఆ మచ్చ అలాగే ఉంది. అది నవ్వి ఊరుకుంటుంది. కౌంటర్లోనే ఉంది.

అర్జంటుగారు ఫోన్ చేశాడు. దుకాణం వాళ్ళు కొత్త పని ఇవ్వడం మానేశారట. "మీ ఒక్కరి పట్టుదలకి పదిమంది పొట్ట కొట్టారు" అన్నాడు. నేను విని, "పదిమందినీ అడగండి, వాళ్ళ అమ్మల ఫోటోలు ఇస్తారేమో" అన్నాను. తర్వాత నాకే అనిపించింది, ఆ పదిమందిలో నా చెయ్యి పట్టుకున్న ఆమె కూడా ఉందని. మాట ఎవరి మీద పడుతుందో చూసుకుని విసరడం నాకింకా రాలేదు.

పని కోసం చాలా తలుపులు తట్టాను. ప్రతిచోటా ముందే చెప్పేదాన్ని: ఫోటోలు నావి, మనుషులు వాళ్ళవి, చెప్పిన పాఠానికి తప్ప ఇంకోదానికి వాడటానికి వీల్లేదు. "ఇంత పట్టుబడితే ఎలాగమ్మా" అని చాలామంది పంపేశారు. మా ఆయన కొన్నాళ్ళు ముభావంగానే ఉన్నాడు. ఒకరోజు పని నుంచి వస్తూ, ఏదో భవనంలో పారేసిన బల్ల ఒకటి మోసుకొచ్చి, కాళ్ళు సరిచేసి, కిటికీ పక్కన వేశాడు. "వెలుతురు చాలుతుందా?" అన్నాడు.

చలి తగ్గుముఖం పట్టాక నాకు మొదటి సొంత పని వచ్చింది. నదికి అడ్డంగా పడవలు నడిపేవాళ్ళది. ప్రయాణికుల్ని ఎలా ఎక్కించాలో, పడవని ఎలా కట్టాలో కొత్తవాళ్ళకి నేర్పే పాఠం. అడగకుండానే అత్తయ్య నాకంటే ముందు తయారై కూర్చుంది.

రేవులో ఒకతను మోకు బిగిస్తున్నాడు. ముడి వేసే తీరు చక్కగా ఉంది, ఎడమవైపు నీళ్ళు ఖాళీగా ఉన్నాయి. నేను కెమెరా తీసేలోపే అత్తయ్య అతని దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఏం బాబూ, ఇది మా కోడలు. పడవ ఎలా కట్టాలో నేర్పే పాఠంలో నీ ఫోటో పెడతానంటోంది. ఇష్టమేనా?"

అతను మోకు వదలకుండా చూశాడు. "నా ఫోటోనా? దేనికైనా వాడుకుంటారేమో తర్వాత?"

"పడవ కట్టడానికే. ఇంకెవడైనా ఇంకోదానికి వాడాడనుకో, నాకు చెప్పు."

"చెబితే ఏం చేస్తారు?"

"వస్తాను" అంది అత్తయ్య.

అతను ఆవిడని పైనుంచి కిందిదాకా చూశాడు. నవ్వబోయి మానేశాడు. చేతులు నడుముకి తుడుచుకుని, ముడి విప్పి, మళ్ళీ మొదటినుంచి వెయ్యడం మొదలుపెట్టాడు, నాకు కనపడేటట్టు నిదానంగా.